వైబ్రేషన్ అంటే వీల్ బ్యాలెన్సింగేనా?

కారు తొంభై దాటగానే వణుకుతోందని ఎవరైనా అనడం ఆలస్యం, పక్కవాడి దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. తగ్గలేదా, టైర్లు మార్చు. అప్పటికీ తగ్గకపోతే వీల్ బేరింగులు, ఆపైన ఇంజన్ మౌంట్లు, జేబు ఖాళీ అయ్యాక "పాత బండి కదా, ఇలాగే ఉంటుంది, అలవాటు చేసుకో". ఈ ఆఖరి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పాతదైనంత మాత్రాన బండి వణకాలని ఎక్కడా రాసిలేదు. తిరిగే వస్తువేదో తిరగాల్సిన తీరులో తిరగడం లేదు, అంతే. అదేదో తేల్చకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోవడం రిపేరు కాదు, జూదం. అదీ మన డబ్బుతో వేరేవాడు ఆడే జూదం.

మా బావకి ఒడిశాలోని బరంపురం కోర్టుపేటలో ఇల్లు. పదిహేనేళ్లు దాటిన జర్మన్ టూ సీటర్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. ముందు ఇంజను, వెనక చక్రాలకి డ్రైవు. గేట్ బజార్ వైపు తీసుకెళ్తే స్పీడ్ బ్రేకర్‌కి పొట్ట ఆనుతుంది, అది వేరే బాధ. అసలు గొడవ ఊరు దాటి ఎన్‌హెచ్ 16 ఎక్కి ఇచ్ఛాపురం వైపు తిరిగాక మొదలవుతుంది. ఎనభై వరకు కిక్కురుమనదు. తొంభై దగ్గరికి వచ్చేసరికి సీటు కింద నుంచి గుమ్మని మోత, లోపలి అద్దంలో వెనకొచ్చే లారీ రెండు లారీల్లా కనిపించడం. స్టీరింగ్ మాత్రం చేతిలో నిశ్చలంగా ఉంటుంది. ఇక్కడే సగం సంగతి తెలిసిపోవాలి. ముందు చక్రాల బ్యాలెన్స్ పోతే మామూలుగా మొదట స్టీరింగే ఆడుతుంది. సీటూ ఫ్లోరూ వణుకుతూ స్టీరింగ్ ఊరుకుంటే చూపు వెనక్కి తిప్పాలి. అయినా ఆ పెద్ద సిటీ వర్క్‌షాపులో (పేరు వద్దులెండి) నాలుగు చక్రాలూ బ్యాలెన్స్ చేసి, టైర్లు మార్పించి, చివరికి డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండి వాటికి తిరుగుడు పంచే గేర్ల డబ్బా) పోయిందని కొటేషన్ చేతిలో పెట్టారు. ఏ ఆధారంతో అంటే జవాబు లేదు. స్కానర్ పెట్టాం సార్, ఎర్రర్ ఏమీ రాలేదు, కాబట్టి మెకానికలే అన్నారు. ఇంజన్ బలాన్ని వెనక్కి మోసే షాఫ్టు మీద సెన్సారే లేనప్పుడు స్కానర్ మాత్రం ఏం చెబుతుంది! ల్యాప్‌టాప్‌లో ఎర్ర గుర్తు రాకపోతే కళ్లూ చెవులూ పనిచేయడం మానేస్తాయా?

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, వణుకు వచ్చే స్పీడులో న్యూట్రల్‌కి తెచ్చి వదిలేయాలి. ఇంజన్ మాత్రం ఆపకూడదు, ఆపితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకు రాయిలా అవుతుంది. ఇంజను ఐడిల్‌కి పడిపోయినా వణుకు అలాగే ఉంటే ఇంజన్, క్లచ్ మీద అనుమానం దాదాపు తీరినట్టే. మిగిలేది గేర్‌బాక్స్ వెనక భాగం: ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా ఉండే పొడుగాటి షాఫ్టు), డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు (అక్కడి నుంచి చక్రాలకి వెళ్లేవి), చక్రాలు. తర్వాత అదే తొంభైని ఒక గేరు కిందకి దించి నడిపి చూడాలి. ఇంజన్ ఆర్‌పీఎం మారినా వణుకు అదే స్పీడు దగ్గర పట్టుకుని కూర్చుంటే దానికి ఇంజన్‌తో పని లేదన్నమాట.

ఇక లెక్క. లెక్క అనగానే పారిపోకండి, మూడో తరగతి లెక్కే. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. బావ బండికి వెనక టైర్లు 255/35 ఆర్ 18, ఒక చుట్టు తిరిగితే రమారమి 2 మీటర్లు. అంటే చక్రం సెకనుకి పన్నెండున్నర చుట్లు. డిఫరెన్షియల్ రేషియో 3కి కాస్త పైన, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లకి పైనే తిరుగుతుంది, కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకి 38 చుట్లు, నిమిషానికి 2300 దాకా. ఇప్పుడు ఆ వణుకు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో కొలిస్తే చాలు. పన్నెండు, పదమూడు అయితే చక్రమో, టైరో, హబ్బో. 38 అయితే షాఫ్టు బ్యాలెన్సు. దానికి రెట్టింపు, అంటే 76 దగ్గర కనిపిస్తే షాఫ్టు క్రాస్ జాయింట్లు (షాఫ్టు వంగి తిరగడానికి పెట్టే ప్లస్ ఆకారపు కీళ్లు), వాటి కోణాలు. ఎందుకంటే క్రాస్ జాయింట్ వంగి తిరిగితే ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది.

కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మన ఫోన్లలో కదలికని పట్టే యాక్సిలరోమీటర్ ఉంటుంది, దాని స్పెక్ట్రమ్, అంటే సెకనుకి ఎన్నిసార్లు వచ్చే వణుకు ఎంత బలంగా ఉందో గీతల్లో చూపించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్‌ని సీటు మీద పడేయకుండా సీటు బిగించిన పట్టీ మీద టేపుతో గట్టిగా అంటించాలి, సీటు మెత్త వణుకుని మింగేస్తుంది. ఇంకో మెలిక, ఫోన్ సెకనుకి 100 సార్లే కొలిస్తే 50కి పైన ఉన్న వణుకు సరిగ్గా తెలియదు, కాబట్టి యాప్‌లో ఆ సంఖ్య ఎంతో చూసుకోవాలి. ఫోన్ పట్టుకుని చూసే పని పక్క సీటు వాడిది, నడిపేవాడిది కాదు. ఇచ్ఛాపురం రోడ్డులో బావ నడుపుతుంటే నేను చూశాను. 38 దగ్గర ఒక్కటే గీత, నిటారుగా. పన్నెండు దగ్గర చిన్న బుడిపె, అంతే. కొత్త టైర్ల బిల్లు గ్లవ్ బాక్స్‌లోనే ఉంది.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే వణికి, వదలగానే ఆగిపోతే అది వేరే కథ. అప్పుడు లోడు పడే జాయింట్లు, యాక్సిల్ షాఫ్టుల లోపలి సీవీ జాయింట్లు (కోణం మారినా ఒకే వేగంతో తిప్పే కీళ్లు), మౌంట్లు చూడాలి. నొక్కినా వదిలినా ఒకేలా ఉంటే బ్యాలెన్సు వైపే మొగ్గు. బ్యాలెన్స్ తప్పిన బలం వేగం వర్గంతో పెరుగుతుంది: అరవై దగ్గర ఉన్న బలం తొంభైకి రెండింతలు దాటిపోతుంది. అందుకే ఊళ్లో అసలు తెలియని జబ్బు హైవే మీద బయటపడుతుంది.

ఇదంతా చదివి ఎవరైనా గుడ్డిగా తమ బండికి అన్వయిస్తారేమో, ఒక మాట ముందే చెప్పాలి. పోర్షె 924, 944, 928 లాంటి వాటిలో గేర్‌బాక్స్ వెనక ఉంటుంది. మధ్యలో ట్యూబులో తిరిగే షాఫ్టు ఇంజన్ వేగంతోనే తిరుగుతుంది. అక్కడ గేరు మారిస్తే షాఫ్టు వణుకు కూడా మారిపోతుంది, అంటే నేను పైన చెప్పిన పరీక్షకి జవాబు తిరగబడుతుంది. మాజ్డా ఎంఎక్స్-5లో ఒకే ముక్క షాఫ్టు, గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలిపే పొడుగాటి ఫ్రేము ఉంటాయి. ఆ ఫ్రేము విప్పి మళ్లీ ఎత్తు సరిచూడకుండా బిగిస్తే కోణం తేడా వచ్చి వణుకు పుడుతుంది. ముందు మీ బండిలో ఏది దేనితో కలిసి తిరుగుతుందో తెలుసుకోండి. ఆ తర్వాతే స్పానర్.

మా కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇప్పుడొస్తుంది. షాఫ్టే అని తేలాక బావ మళ్లీ సిటీకి పోదామన్నాడు. నేను వద్దన్నాను. హైవే పక్కన ఆంధ్రా లారీలూ బెంగాల్ లారీలూ ఆపుకుని పనిచేసే మిస్త్రీలు ఉండగా సిటీ దేనికి? వాళ్ల బతుకే ప్రొపెల్లర్ షాఫ్టు. రెండు ముక్కల షాఫ్టు, మధ్యలో సెంటర్ బేరింగు, క్రాసులు, యోకులు, ఇవన్నీ వాళ్లు రోజూ కడిగి బిగించేవే. మేం పట్టుకున్న మిస్త్రీ స్పోర్ట్స్ కారు అనగానే మొహమాటపడ్డాడు పాపం, "నాకేటి తెలుసు బాబూ ఈ బళ్ల సంగతి" అన్నాడు. గుంత మీదకి ఎక్కించాక మొహమాటం పోయింది. టార్చి పెట్టి షాఫ్టు పొడవునా చేత్తో తడిమాడు, సొట్ట ఉందా, బ్యాలెన్స్ కోసం అతికించిన రేకు ముక్క ఎక్కడైనా రాలిందా అని. రాలితే అక్కడ చతురస్రంగా మచ్చ మిగులుతుందట. లేదు. తర్వాత మధ్య జాయింట్ దగ్గర గ్రీజు పట్టిన మట్టిని గుడ్డతో తుడిచాడు. కింద పసుపు రంగు చుక్కలు రెండు బయటపడ్డాయి, ముందు ముక్క మీద ఒకటి, వెనక ముక్క మీద ఒకటి. ఒకటి మా వైపు చూస్తోంది, ఇంకొకటి పక్కకి తిరిగి ఉంది.

"ఎవులు ఇప్పినారు బాబూ ఈ షాఫ్టుని?" అన్నాడు.

బావ కొనకముందు ఎవరో గేర్‌బాక్స్ పనికి దించారు. రెండు ముక్కల షాఫ్టుని కలిపి ఉంచి బ్యాలెన్స్ చేస్తారు, అందుకే విప్పే ముందు గుర్తు పెట్టుకుని అదే స్థానంలో కలపాలి. ఆ చుక్కలు ఉన్నది అందుకే. ఎవరో రెండు ముక్కల్నీ కలిపే పళ్లు ఎక్కడ పడితే అక్కడ దూర్చి బిగించేశారు. లక్షల బిల్లు వేసే వర్క్‌షాపులో ఒక్కడూ గుడ్డ పెట్టి తుడవలేదు చూడండి, నాకు అదీ మంట.

షాఫ్టు దించాక ఇంకోటి కనిపించింది. గేర్‌బాక్స్‌కీ షాఫ్టుకీ మధ్య ఉండే గుండ్రటి రబ్బరు కప్లింగ్, ఫ్లెక్స్ డిస్క్ అంటారే, బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి బీటలు. వంచి చూస్తే బీట నోరు తెరుస్తోంది. రబ్బరుకి కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. తక్కువ తిరిగింది కాబట్టి కొత్తలాంటిదే అని అమ్మేవాళ్లు చెప్పే మాట షాఫ్టు కప్లింగ్ నమ్మదు. కొత్తది బిగించేటప్పుడు మాత్రం నేను పక్కనే నిలబడ్డాను, ఎందుకంటే లారీలో ఈ రబ్బరు ఉండదు, మిస్త్రీకి ఇది కొత్త. డిస్క్ మీద బాణం గుర్తులు ఫ్లాంజ్ (డిస్క్‌ని బోల్టులతో బిగించే ఇనుప చివర) కాళ్ల వైపు చూడాలి. బిగించేటప్పుడు రబ్బరు మెలిపడకుండా రబ్బరు వైపు కదలకుండా పట్టుకుని, ఫ్లాంజ్ వైపే తిప్పాలి. సెంటర్ బేరింగ్ బ్రాకెట్‌కీ ఒక పద్ధతి ఉంది, కొన్ని బీఎండబ్ల్యూ మోడళ్లలో దాన్ని 4 నుంచి 6 మిల్లీమీటర్లు ముందుకి నెట్టి బిగించమంటారు. మీ బండి మాన్యువల్ ఏమంటుందో అదే చేయండి, నా మాట కాదు.

చుక్కలు ఎదురెదురుగా కలిపి, కొత్త డిస్క్ వేసి గిరిసోలా దాకా వెళ్లొచ్చాం. 38 దగ్గర గీత పూర్తిగా పోలేదు కానీ బాగా కుంగింది, అద్దంలో లారీ ఒక్కటే కనిపించింది. ఆ మిగిలిన కాస్తకి కూడా పాత మిస్త్రీల ఉపాయం ఉంది: షాఫ్టుకి రెండు హోస్ క్లిప్పులు చుట్టి, వాటి స్క్రూ తలల్ని దగ్గరికీ దూరానికీ జరుపుతూ తక్కువ వణికే చోటు వెతకడం. పనిచేస్తుంది. కానీ బండిని ఎత్తి, తిరుగుతున్న షాఫ్టు దగ్గర తల పెట్టి చేసే పని కాదు, ప్రతిసారీ ఆపి, జరిపి, మళ్లీ రోడ్డెక్కి చూడాలి. పైగా చక్రాలు గాల్లో వేలాడుతుంటే యాక్సిల్ షాఫ్టుల కోణం మారి లేని వణుకు పుట్టుకొస్తుంది. బావ అక్కడితో చాలన్నాడు, నాకూ చాలనే అనిపించింది. హైవే మీద కారుకి పరిమితి 100, అక్కడి దాకా ఇప్పుడు సీటు కింద చప్పుడు లేదు.

కామెంట్లలో "అన్నా నా బండీ వణుకుతోంది, ఏం చేయాలి" అని మాత్రం రాయకండి. ఏ స్పీడు దగ్గర మొదలవుతోంది, న్యూట్రల్‌లో ఉంటుందా పోతుందా, స్టీరింగ్‌లోనా సీటులోనా, ఆ షాఫ్టుని ఇంతకుముందు ఎవరైనా దించారా, ఇవి రాయండి. టైరు సైజు కూడా రాస్తే లెక్క నేనే కట్టి పెడతా.