శనివారం ఉదయం వెళ్లి చూడండి

అమెరికాలో కళాశాల ఎంచుకోవడానికి ర్యాంకు, ఫీజు చూస్తే చాలని ఒక వ్యాసంలో చదివాను. దానితో నేను ఏకీభవించలేను. మా అమ్మాయి మితభాషి. నలుగురు స్నేహితులతో కూర్చుని కబుర్లు చెప్పుకుంటే అదే ఆమెకు పండగ. అందుకే మద్యం విందుల హోరు లేని చోటు వెతుక్కుంటూ నిరుడు న్యూజెర్సీ నుంచి కారులో బయలుదేరి ఆరు ప్రాంగణాలు తిరిగాం. ఒకచోట శనివారం ఉదయం ఎనిమిది గంటలకు పచ్చికంతా రాత్రి మద్యం విందులో తాగి పారేసిన ఎర్ర ప్లాస్టిక్ కప్పులే. ముందురోజు మాకు ప్రాంగణం చూపించిన విద్యార్థి ఆ ఊసే ఎత్తలేదు. ఇంకోచోట గ్రంథాలయం మెట్ల పక్కన, ఆ రాత్రి టెలిస్కోపులో శనిగ్రహం చూపిస్తామని చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. మా అమ్మాయి అక్కడే ఆగిపోయింది.

మద్యానికి 21 ఏళ్లు నిండాలని చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చాలా కళాశాలలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం విడుదల చేస్తాయి. అందులో ‘ఎఫ్’ విభాగం తెరిస్తే ఫ్రాటర్నిటీలు, సొరోరిటీలలో (విందులకు పేరుపడ్డ విద్యార్థుల, విద్యార్థినుల సంఘాలలో) ఎంత శాతం చేరుతున్నారో, వసతి గృహాల్లో ఎంత శాతం ఉంటున్నారో తెలుస్తుంది. రైస్ విశ్వవిద్యాలయంలో, హేవర్‌ఫర్డ్ కళాశాలలో అసలు ఫ్రాటర్నిటీలే లేవు. స్వార్త్‌మోర్ కళాశాలలో ఉన్న రెండూ 2019లో రద్దయ్యాయి. అక్కడ విందులే జరగవని కాదు, వాటికి దూరంగా ఉండే పిల్లలకు తోడు దొరకడం తేలికని నా నమ్మకం. మద్యం, మత్తు లేని వసతి విభాగం ఉందా అని కూడా తప్పక అడగండి.

మా అమ్మాయి ఇప్పుడు ఆ టెలిస్కోపు ఉన్నచోటే చదువుతోంది. మొన్న ఫోనులో శని వలయాల గురించే పావుగంట చెప్పింది.