వెల్లుల్లి రసానికి తెరుచుకునే తలుపులు కావవి

“గుండె వాల్వుల్లో కొవ్వు పేరుకుని అవి మూసుకుపోతాయి. వాల్వు కండరం కాబట్టి ఊపిరి బిగబట్టే సాధనతో బలపడుతుంది. లబ్‌డబ్ స్పష్టంగా వినిపిస్తే వాల్వులు బాగున్నట్టే. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, ఆపిల్ సైడర్ వెనిగర్ కాచి తేనెతో తాగితే వాల్వులు తెరుచుకుంటాయి, మందులు ఆపేయవచ్చు.” వాట్సాప్‌లో తిరిగే ఈ తరహా సందేశం ఈ వారం మా బంధువుల గ్రూపులోకే రెండుసార్లు వచ్చింది.

కొవ్వు సంగతి ముందు చూద్దాం. అసలు మూసుకోవడమే వాల్వు పని. నిమిషానికి డెబ్బై సార్లు మూసుకోకపోతేనే చిక్కు. “మూడు వాల్వులు బ్లాకయ్యాయట” అని మన ఇళ్లలో చెప్పుకునేది చాలాసార్లు వాల్వుల గురించి కాదు, గుండె కండరానికి రక్తం మోసే నాళాల గురించి. రెండూ వేరని కళ్లారా చూడాలంటే మాంసం కొట్టులో మేక గుండెకాయను, పైనున్న మందపాటి గొట్టం కోయకుండా అడిగి తెచ్చుకోండి. ఆ గొట్టం బృహద్ధమని, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం. అందులో నీళ్లు పోస్తే అడుగున మూడు చిన్న జేబులు నిండి, అంచులు ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. అదే వాల్వు. జేబుల వెనక గోడలో రెండు చిన్న రంధ్రాలుంటాయి. కొవ్వు పేరుకునే నాళాలు మొదలయ్యేది అక్కడ.

వాల్వులకూ జబ్బులు వస్తాయి, అవి వేరు. వయసు మీద పడ్డాక బృహద్ధమని వాల్వులో సున్నం పేరుకుని ఆ జేబుల్లాంటి రేకులు బిరుసెక్కుతాయి. మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లుండే దారి ఒకటి లోపుకు కుంచించుకుపోతే తీవ్రమైనట్టు లెక్క. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలే దీన్ని ఆపలేవని పరీక్షల్లో తేలింది. గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య ఉండేది మిట్రల్ వాల్వు. చిన్న వయసులో అది పాడవడానికి మన దేశంలో పెద్ద కారణం కీళ్లవాత జ్వరం. పిల్లలకు గొంతునొప్పి తెచ్చే ఒక రకం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా మీదికి లేచిన రోగనిరోధక శక్తి పొరపాటున వాల్వును కూడా దెబ్బతీస్తుంది. ఆ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజక్షన్ ఇచ్చేది అందుకే.

ఇక కండరం మాట. వాల్వు రేకు మిల్లీమీటరు మందం కూడా లేని పొర. దాన్ని తెరిచేది రక్తపు ఒత్తిడి. మీ బీపీ 120/80 అనుకోండి. ఎడమ జఠరికలో, అంటే ఎడమవైపు కిందిగదిలో, ఒత్తిడి 80 దాటగానే బృహద్ధమని వాల్వు తెరుచుకుంటుంది, లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గగానే మూసుకుంటుంది. అదే మేక గుండెను నిలువుగా చీల్చితే మిట్రల్ రేకుల అంచుల నుంచి తెల్లని దారాలు కిందున్న కండరపు బొడిపెలకు దిగి ఉంటాయి. అవైనా వాల్వును లాగి తెరవవు. గాలివానలో గొడుగు తిరగబడ్డట్టు రేకులు వెనక్కి తిరగబడకుండా పట్టుకుంటాయి, అంతే. పైగా వాల్వు బాగా ఇరుకైనవారు ఊపిరి బిగబట్టి ముక్కితే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

లబ్‌డబ్ వాల్వులు మూసుకునేటప్పటి చప్పుడే. అది బాగా వినిపించినంత మాత్రాన రేకుల మధ్య నుంచి రక్తం వెనక్కి కారడం లేదని చెప్పలేం. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్ష ఉన్నది అందుకే.

మిగిలింది కషాయం. తాగింది కడుపులోకి వెళ్తుంది, సున్నం పట్టిన రేకును మెత్తబరచదు. అతుక్కున్న మిట్రల్ రేకులను తొడ రక్తనాళం గుండా పంపిన బెలూన్‌తో విడదీస్తారు, కుదరకపోతే వాల్వు మారుస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన వాల్వును 1990లోనే తొలిసారి ఒక రోగికి అమర్చారు. ఇలాంటి యాంత్రిక వాల్వు ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాలి. వెల్లుల్లి మోతాదు మించితే ఆ మందుతో కలిసి రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. సందేశాన్ని నమ్మి మాత్రలు ఆపేస్తే వాల్వు మీద రక్తం గడ్డ కట్టి, అందులో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పలక కదలకుండా ఇరుక్కోవచ్చు. సందేశం చెప్పిన “మూసుకుపోయిన వాల్వు” అప్పుడు నిజంగానే తయారవుతుంది.