కుకీ కూర్చుంది

కుక్కను తేవాలన్న నిర్ణయం మా అమ్మాయిది. ఏ జాతి కుక్కో తేల్చే బాధ్యత నాది. డబ్బులు కూడా నావేననుకోండి, అది వేరే సంగతి.

మామూలు కుక్కయితే ఇంత రభస లేకపోయేది. మా పదో తరగతి పిల్లకి ఎజిలిటీ కుక్క కావాలి. అంటే అడ్డకర్రల మీంచి దూకాలి, గుడ్డ సొరంగంలో దూరి అవతల తేలాలి, వరసగా పాతిన పన్నెండు గెడల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. 1978లో ఇంగ్లండులో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన జరుగుతుంటే, మధ్యలో జనానికి విసుగు పుట్టకుండా గుర్రాలు దూకే పోటీని చూసి కుక్కలతో చేయించిన ఆట ఇది. అలా అలా తిరిగి ఇన్నేళ్లకు హైదరాబాదులో మా రెండు బెడ్‌రూముల ఫ్లాటుకొచ్చింది. "మీకూ నడక అవుతుంది, షుగరూ తగ్గుతుంది" అని మా ఆవిడ వెంటనే ఒప్పేసుకుంది. నేను స్వీటు ముట్టి అప్పటికి ఆరు నెలలు. ఇంట్లోవాళ్ల లెక్కలో.

బ్యాంకులో ముప్పై ఏళ్లు లోన్ ఫైళ్లు చూసినవాణ్ణి. విచారణ లేకుండా పాతికవేలు ఇవ్వనివాణ్ణి కుక్కనెలా తెస్తాను? ఎక్సెల్ షీటు తెరిచాను.

కెనడాలో సైకాలజీ ప్రొఫెసరు స్టాన్లీ కోరెన్ 1994లో కుక్కల జాతులకు ర్యాంకులు ప్రకటించాడు. విధేయత పోటీల జడ్జీలను అడిగి మరీ వేసిన ర్యాంకులు. మొదటిది బోర్డర్ కోలీ, రెండోది పూడిల్, మూడోది జర్మన్ షెపర్డ్. ఈ పైవరస కుక్కలకు కొత్త పని ఐదుసార్లు చెప్పేలోపే వచ్చేస్తుందట. అట్టడుగు వాటికి ఎనభై నుంచి వందసార్లు చెప్పాలట. చెప్పినా, నాలుగుసార్లు పిలిస్తే ఒక్కసారి పలికితే గొప్పట.

బోర్డర్ కోలీ దగ్గర చాలాసేపు ఆగాను. స్కాట్లండు సరిహద్దుల్లో గొర్రెల్ని కళ్లతోనే అదిలించి మందలో కలిపే కుక్క. పొద్దస్తమానం పని ఉండాలి దానికి. పని లేకపోతే అదే వెతుక్కుంటుంది. మా అపార్టుమెంటులో గొర్రెల్లేవు, అసోసియేషన్ సభ్యులున్నారు. నెలవారీ మీటింగులో అందరినీ తరిమి ఒక మూలకు చేరుస్తుందని భయమేసింది. పైగా ఒంటినిండా జుట్టు, మే నెలలో ఏసీ బిల్లు ఎవరు కడతారు? పూడిల్ ఫొటో చూసి మా ఆవిడ, "దీనికి క్షవరం ఖర్చు మీ కంటే ఎక్కువయ్యేలా ఉంది" అంది. నా తల మీద ఉన్నది లెక్కేస్తే అది నిజమే. జర్మన్ షెపర్డుని లిఫ్టులో ఊహించుకుని వదిలేశాను.

ఇలా పదిహేను రోజులు గడిచాక ఒక పిల్ల బీగిల్ మా వంక చూసింది. ర్యాంకుల జాబితాలో అది అడుగు నుంచి వెతుక్కోవాల్సిన జాతి. షీటులో ఆ వరసను ఎర్రరంగులో పెట్టింది నేనే. కానీ ఆ మొహం! వాయిదా కట్టలేకపోయిన మంచివాడి మొహం. అలాంటి మొహం చూసి సర్వీసులో రెండు లోన్లిచ్చాను, రెండూ మొండి బాకీలయ్యాయి. అయినా బుద్ధి రాలేదు. "చిన్న సైజు, పొట్టి జుట్టు, మన ఎండకు సరిపోతుంది" అని కారణాలు కింద రాసుకుని సంతకం పెట్టాను.

అమ్మాయి కుకీ అని పేరు పెట్టింది. మా అత్తగారి నోట్లో అది వెంటనే కుక్కీ అయింది. ఆవిడ దాన్ని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయారు.

"అల్లుడుగారూ, ఇది ఆ అట్లాంటా కుక్కే!"

ఆవిడ బాధ ఆవిడది. అట్లాంటాలో మా మరదలి దగ్గరికి వెళ్లినప్పుడు నాలుగు బంగినపల్లి పళ్లు, ఇంత కరివేపాకు తువ్వాళ్లలో చుట్టి తీసుకెళ్లారు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో పళ్లూ కూరలూ పట్టడానికి బీగిళ్లనే పెడతారు, 1984 నుంచీ. అరవదు, కరవదు, సామాను పక్కన బుద్ధిగా కూర్చుంటుంది, అంతే. ఆవిడకి ఆ సంగతి తెలియదు. పాపం తప్పిపోయిందనుకుని "అయ్యో బంగారం" అని తల నిమిరారట. ఆ తర్వాత పళ్లు లేవు, కరివేపాకూ లేదు.

ఆదివారాలు ట్రైనింగ్. ట్రైనర్ కుర్రాడు కుకీని చూసి, తర్వాత నన్ను చూసి, "బీగిల్ ఎవరు తెమ్మన్నరు సార్?" అన్నాడు. కుందేళ్ల వేటకు తయారుచేసిన జాతట. ముక్కు నేలకానించి అది ముందు పోతుంటే, యజమాని వెనకాల పరుగెత్తుతాడు. "అది మీ మాట ఇనదు సార్, మీరే దాని ఎనక పోవాలె. పుట్టిచ్చిందే గందుకు." మనకు ముక్కులో వాసన పట్టే కణాలు యాభై లక్షలుంటే, దానికి ఇరవై రెండు కోట్లు. నా పిలుపు వెళ్లి ఆ కోట్ల వెనక క్యూలో నిలబడేది.

ప్యాంటు జేబులో ఉడకబెట్టిన కోడి లివర్ పెట్టుకుని "సిట్" అనడం మొదలుపెట్టాను. వంద దాకా లెక్కపెట్టాను. నూట ఒకటోసారికి అలిసిపోయి నేను కూర్చున్నాను.

నెలాఖరున పిల్లల అమ్మానాన్నల ముందు చిన్న ప్రదర్శన పెట్టారు. కుకీ మొదటి కర్ర దూకింది, రెండోది పడగొట్టింది, సొరంగంలో దూరింది. ఇక బయటికి రాలేదు. ఎవరో పిల్లాడు లోపల మిర్చి బజ్జీ పడేసుకున్నాడని తర్వాత తెలిసింది. "కుకీ, కమ్!" అన్నాను. లోపల్నుంచి నములుతున్న చప్పుడు.

"సార్, జర మీరే పోయి తీస్కరండి."

ఆ సొరంగం వెడల్పు రెండడుగులు. నా నడుం కొలత ఇక్కడ అప్రస్తుతం. వంపు దాకా మోచేతుల మీద పాకాను. అక్కడ కుకీ ఎదురొచ్చింది. దానికి జేబులో లివర్ వాసన తగిలింది. నా వీపెక్కి జేబు చింపి, పొట్లంతో సహా నేనొచ్చిన దారినే వెళ్లిపోయింది. నాకు వెనక్కి తిరిగే జాగా లేదు, ముందుకే పాకాను. అవతల తల బయటపెట్టగానే జనం చప్పట్లు. ట్రైనర్ చేతిలో క్లిక్కర్ ఉంటుంది, కుక్క సరిగ్గా చేసినప్పుడు టిక్కుమనిపిస్తాడు. అలవాటు కొద్దీ నాకూ నొక్కాడు.

"నలభై ఏడు సెకన్లు నాన్నా" అంది అమ్మాయి, ఫోన్ చూస్తూ.

పోయిన ఆదివారం సాయంత్రం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని కుకీని వెతికారు. మా గదిలో ఉంది. బీరువా ముందు నడుం నిటారుగా పెట్టి, తల పైకెత్తి కూర్చుంది. ఎవరూ సిట్ అనలేదు. అమ్మాయి మెల్లగా "స్టే" అంది. కదల్లేదు. వెనక్కి పది అడుగులు వేసింది. అయినా కదల్లేదు.

"అమ్మా! చూడు, నేర్చేసుకుంది!"

మా ఆవిడ కళ్లలో నీళ్లు. నా అరచేతుల్లో చెమట. పై అరలో పాత లోన్ కాగితాల వెనక స్టీలు డబ్బాలో నేతి సున్నుండలు ఇంకా ఎన్ని మిగిలాయా అని లెక్కేసుకుంటున్నాను.

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని వచ్చి, కుక్కనీ బీరువానీ మార్చి మార్చి చూశారు.

"అది ఊరికే కూర్చోదే" అన్నారు కూతురితో. తర్వాత నా వైపు తిరిగారు. "తాళంచెవి ఎక్కడుంది అల్లుడుగారూ?"