చదరపు అడుగు సగటు ధర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సగటు ధర గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయవలసిన చోట, తమరొక్కరే కుశలమని రాయవలసి వస్తున్నందుకు మన్నించండి. తూర్పు పేట కన్నా పడమటి పేట చవక అన్న తమరి మాట పట్టుకుని నిన్న మధ్యాహ్నమంతా పడమటి పేటలో ఆరు ఇళ్ల మెట్లు ఎక్కి దిగాను. ఒక్కటీ తమరు చెప్పిన ధర దరిదాపుల్లో లేదు. ఆరో ఇంట్లో పడకగది తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంది. ఆ సందులో నిలబడే బ్రోకర్ జాలిగా అడిగాడు: “సగటు చూసి వచ్చారా? ఈ మూడు నెలల్లో ఇక్కడ పాత ఇళ్లు తప్ప ఏవీ అమ్ముడు పోలేదండీ.”

తూర్పు పేట సంగతి ఆ తర్వాత తెలిసింది. అక్కడ అయిదు ఇళ్లు అమ్ముడయ్యాయి. నాలుగు ఇంచుమించు ఒకే రేటుకు పోగా, అయిదోదైన బంగళా అడుగుకు వాటికి ఆరు రెట్లు పలికింది. ఇంటికొక్క లెక్కన కూడి అయిదుతో భాగించేసరికి తమరు రెట్టింపయ్యారు. ఆ రెట్టింపు రేటుకు ఆ పేటలో ఒక్క ఇల్లయినా చేతులు మారలేదే! లేని ఇంటి ధరను చూసి నేను ఉన్న నాలుగు ఇళ్లనూ వదులుకున్నాను.

అమ్మకందారు అడిగే ధరకూ చివరికి కుదిరే ధరకూ ఉన్న తేడాను, మెట్లనూ గోడల మందాన్నీ కలిపి చెప్పే విస్తీర్ణాన్నీ, ఆరు నెలలుగా కదలని ఇంటికి ‘ఈరోజే వచ్చింది’ అని తగిలించే ప్రకటననూ నేను ఎప్పుడో క్షమించాను. నిన్ను మాత్రం క్షమించలేను. రేట్లను వరుసగా పేర్చి నడిమిది చూపే మధ్యగతం ఎవరూ పిలవక మూలన కూర్చుంది. అదీ అమ్ముడైన ఇళ్లలోనే వెతుకుతుందనుకో, అయినా ఒక్క బంగళా వచ్చి కూర్చోగానే లేచి సలాం కొట్టదు. ఒకే విస్తీర్ణం, ఒకే వయసు ఉన్న ఇళ్లను రెండు పేటల్లోనూ పక్కపక్కన పెట్టి చూడమని నువ్వు ఒక్కసారైనా చెప్పావా? పాత ఇళ్లనూ బంగళానూ తూచి, పేటలను తూచానన్నావు.

ఆదివారం తూర్పు పేటకు వెళుతున్నాను. బయలుదేరే ముందు ఈ నెల నువ్వెంతో ఇప్పటికే రెండుసార్లు చూశాను.

ఇట్లు,
ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్న తమ విధేయుడు