క్లిప్‌లెస్ పెడల్ గారికి విడుదల కోరుతూ వినతి

మహారాజశ్రీ క్లిప్‌లెస్ పెడల్ గారికి, తమకు రెండు పాదాలూ అప్పగించిన సైకిలిస్టు నమస్కరించి వ్రాయునది.

బూటు అడుగున బిగించిన క్లీటు అనే బిళ్లను టక్కుమని పట్టి బంధించే తమకు 'క్లిప్ లేనిది' అని నామకరణం చేసినవారు నేతిబీరకాయకు పేరు పెట్టినవారి చుట్టాలే అయి ఉండాలి. పూర్వం కాలి వేళ్లను పట్టి ఉంచిన టో క్లిప్పులూ తోలు పట్టీలూ తొలగిపోయినందున ఆ పేరు వచ్చిందని తెలిసినా నా అనుమానం తీరలేదు. స్కీ బూట్లను పట్టే బిగింపులు చేసే లుక్ కంపెనీ ఆ విద్యనే సైకిలుకు తెచ్చి 1984లో తమను విడుదల చేయగా, మరుసటి ఏడే బెర్నార్ ఇనో తమ మీద కాళ్లుంచి టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాడు; ఆనాటి నుంచి తమ కాళ్లు నేల మీద ఆనడం లేదు, నా కాళ్లనేమో తమరు ఆననివ్వడం లేదు.

సిగ్నల్ దగ్గర సైకిలు ఆగింది, నేనూ ఆగాను. మడమను బయటికి తిప్పితే తమరు వదులుతారన్న సంగతి గుర్తొచ్చేలోపు, గంటకు సున్నా కిలోమీటర్ల వేగంతో, నరికిన చెట్టులా పక్కకు ఒరిగాను. స్ప్రింగు బిగువు తగ్గించే చిన్న మర తమ ఒంటి మీదే ఉందని ఆ తరువాత చెప్పినవారికి నా మోచేయి తరఫున కృతజ్ఞతలు.

క్లీట్ల ఎంపిక మరో ప్రహసనం. లుక్ వారి కియో ఎర్ర క్లీటులో పాదం 9 డిగ్రీల మేర అటూ ఇటూ కదులుతుంది, షిమానో వారి రోడ్డు రకం ఎర్ర క్లీటులో అసలు కదలదు. ఒకే రంగు ఒకచోట స్వేచ్ఛకు, మరొకచోట సంకెలకు గుర్తు. పైగా మూడు మరల రోడ్డు క్లీటుతో నడిస్తే బాతు నడకే గతి. రెండు మరల చిన్న క్లీటు బూటు అడుగున దాక్కుంటుంది కనుక, తమ వంశంలో కాస్త మర్యాద తెలిసింది అదొక్కటే.

అమ్మేవారు పెడల్‌ను పైకి లాగితే వచ్చే బలం గురించి ఎంత వర్ణించినా, తీరిగ్గా తొక్కే నా కాలు కిందికి నెట్టడమే ఎరుగును. అందుచేత బూటును బంధించని, చదునైన ఫ్లాట్ పెడల్ తెచ్చుకున్నాను. జారితే దాని మేకులు మోకాలి కింద సంతకం చేస్తాయి, నిజమే, కానీ దిగుతానంటే అడ్డు చెప్పవు.

తమను సాగనంపుదామని కుడి పెడల్ విప్పాను. ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని ఇప్పుడే తెలిసింది. అరగంటగా దాన్ని బిగిస్తూనే ఉన్నాను.

ఇట్లు,
ఇంకా తమ బందీ