‘తాకరాదు’ బోర్డు గారికి

మహారాజశ్రీ ‘కళాకృతులను తాకరాదు’ బోర్డు గారికి,
శిల్పోద్యానం, తూర్పు గేటు నుంచి మూడో మలుపు.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అరచేయి ఒక్కటే ఇంకా కొంచెం సిగ్గుపడుతోంది. పోయిన ఆదివారం సాయంత్రం జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ ఎదుటే జరిగింది కదా.

మీకు ఎడమ పక్కన గడ్డిలో ఒరిగి నిలబడిన తుప్పురంగు ఇనుప పలక ఒకటుంది, రెండు నిలువుల ఎత్తుది. పగలంతా ఎండ తాగింది. ఎంత వేడెక్కిందో చూద్దామని చేయి ఆనించాను. ఆనించానో లేదో ఈల మోగింది. కాపలాదారు పరుగున వచ్చాడు. పాపం, ఒక్క మాట కూడా అనలేదు. వేలెత్తి మిమ్మల్ని చూపించాడు, అంతే. నలుగురూ నావైపు తిరిగారు. వెనక ఉన్న చిన్నపిల్ల వాళ్ల నాన్నను “ఈయన దొంగా?” అని అడిగింది. సరిగ్గా అదే సమయంలో ఆ పలక అంచున కూర్చున్న కాకి ఏం చేసిందో ఇక్కడ రాయను. దాని మీద ఎవరూ ఈల వేయలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క వేశాను. ఆరుబయట నిలబెట్టిన శిల్పాన్ని రోజూ ఎవరెవరు తాకుతున్నారు? వాన తాకుతుంది, మంచు తాకుతుంది. సాలీడు కంచు మోచేతి వంపులో ఇల్లు కట్టుకుంటుంది. ఉడుత మెడ మీదుగా పరిగెడుతుంది. నాచు ఏకంగా కాపురమే పెడుతుంది. ఇక గడ్డి కోసే యంత్రం వచ్చిన ప్రతిసారీ శిల్పం పాదాలను కాస్త కొరికి పోతుంది. దానికి జీతం ఇచ్చి మరీ పెట్రోలు పోస్తున్నారు. ఇంతమందిలో మీరు ఆపగలిగింది ఎవరినయ్యా అంటే, చదవడం వచ్చినవాణ్ని.

ఇంగ్లండ్‌లో 1977లో మొదలైన యార్క్‌షైర్ శిల్పోద్యానం ఉంది. 500 ఎకరాల పచ్చిక. ఆంగ్ల శిల్పి హెన్రీ మూర్ కంచు శిల్పాల చుట్టూ అక్కడ గొర్రెలు మేస్తుంటాయి. మూర్‌కు గొర్రెలంటే ఇష్టం కూడా. బయలులో తన శిల్పాల పక్కన గొర్రె సరిగ్గా సరిపోయే కొలత అని ఆయన అభిప్రాయం. పెర్రీ గ్రీన్ అనే ఊళ్లో ఆయన ఇంటి పక్క పొలంలో ‘షీప్ పీస్’ అని గొర్రెల పేరే పెట్టిన కంచు శిల్పం ఉంది. అవి దాని నీడన పడుకుంటాయి, ఒళ్లు దురద పుడితే దానికే రుద్దుకుంటాయి. గొర్రెకున్న చనువు నాకు లేదు. దానికి చదువు రాకపోవడమే అర్హత అయితే, చిన్నప్పుడు బడికి వెళ్లి నేను చేసుకున్న నష్టం ఇంతా అంతా కాదు.

మీ పక్షాన న్యాయం లేదని అనను. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, ఆమ్లాలు ఉంటాయి. ఒకరు తాకితే ఏమీ కాదు. వేలమంది ఒకేచోట తాకితే కంచు మీద శిల్పి కోరి తెచ్చిన చిలుము రంగు చెదిరిపోయి, ముక్కో మోకాలో ఒక్కటే తళతళ మెరుస్తుంది. అందుకే ఏటా కడిగి మైనం పూత పూస్తారు. రంగు వేసిన ఉక్కు అయితే మరీ సుకుమారం. ఉంగరం తగిలినా జిప్పు తగిలినా గీత పడుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ నేను చేయి వేసింది తుప్పు పలక మీద. అది మామూలు ఇనుము కాదు. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలిపి, పైన పట్టిన తుప్పే లోపలి లోహానికి కవచమయ్యేలా చేసిన ఉక్కు. తుప్పే దానికి చొక్కా. వేలిముద్ర మరక కొన్నాళ్లు నిలుస్తుందంటారు, నిజమే. నా చొక్కాకు అంటిన దాని మరక మాత్రం మూడు ఉతుకులకూ వదల్లేదు. ఫిర్యాదు చేయాల్సింది ఎవరో మీరే చెప్పండి.

షికాగోలో అనీశ్ కపూర్ చేసిన ‘క్లౌడ్ గేట్’ ఉంది. 2006లో పూర్తయింది, 110 టన్నుల అద్దం లాంటి ఉక్కు. జనం దాని కిందికి దూరుతారు, ముక్కు ఆనించి నవ్వుకుంటారు, అరచేతులు అచ్చు వేస్తారు. మరి ఏం చేస్తారు? కింది ఆరడుగుల మేర రోజుకు రెండుసార్లు తుడుస్తారు. అంటే తుడవడం అనే పని ఒకటి లోకంలో ఉన్నదన్నమాట! బోర్డు పాతడం ఒక పూట పని, తుడవడం రోజూ పని. మీ ఉద్యోగ రహస్యం ఇందులోనే ఉందని నా అనుమానం. కోపం తెచ్చుకోకండి.

ఆ శిల్పానికి జనం పెట్టుకున్న పేరు ‘చిక్కుడు గింజ’. కపూర్‌కు మొదట్లో ఆ పేరు నచ్చలేదు. నచ్చకపోతే ఎవరికి కావాలి? మీ పక్కనున్న పలకకు కూడా పేరు ఉంది, మీకు తెలుసో లేదో. దాని కాళ్ల దగ్గరి ఫలకం మీద ‘శీర్షిక లేదు – 4’ అని, కింద “స్థలానికీ శూన్యానికీ నడుమ ఘనీభవించిన మౌనాన్ని సంప్రశ్నించే ఉనికి” అని రాసి ఉంది. నేను రెండుసార్లు చదివాను. మౌనం ఘనీభవించింది నాలోనే. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు మాత్రం దాన్ని ‘ఒరిగిన తలుపు’ అంటారు. “ఒరిగిన తలుపు దగ్గర ఆరింటికి” అంటే పదిమందీ అక్కడ చేరతారు. ఒకాయన దాని నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఇంటికి బయలుదేరతాడు. పేరు పెట్టడం కూడా ముట్టుకోవడమే కదా. దాన్ని ఆపే బోర్డు ఎక్కడ దొరుకుతుంది?

దేవుడు కరుణించినా పూజారి కరుణించడని సామెత. శిల్పాన్ని చేత్తో తాకి తెలుసుకోవాలన్నది ఆంగ్ల శిల్పి బార్బరా హెప్‌వర్త్ నమ్మకం. చేతులతో చేసినదాన్ని కళ్లతో మాత్రమే చూడమనడం ఆమెకు వింతగా తోచి ఉంటుంది. జపనీస్ అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి మరో అడుగు ముందుకు వేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టార్మ్ కింగ్ శిల్పోద్యానంలో ఆయన ‘మొమొతారో’ ఉంది. పెద్ద గ్రానైటు రాళ్లు, ఒక దానిలో గుండ్రని గుంట. అందులోకి దూరి కూర్చోవచ్చు, మాట్లాడితే గొంతు మోగుతుంది. జపాన్‌లోని సప్పొరోలో ఓదొరి పార్కులో ఆయన నల్ల గ్రానైటు జారుడుబండ ఉంది. 1988లో ఆయన పోయాక, 1992లో పూర్తిచేసి నిలబెట్టారు. పిల్లలు జారాలనే చేశాడు దాన్ని. అక్కడ శిల్పానికి నునుపు తెచ్చే పని పిల్లల నిక్కర్లది. మిమ్మల్ని అక్కడికి బదిలీ చేస్తే మొదటి రోజే రాజీనామా ఇస్తారు.

పోయిన ఆదివారం ఆ చిన్నపిల్ల అడిగిన ప్రశ్న ఇంకా నన్ను వదల్లేదు. అమ్మాయీ, దొంగలు వేరే ఉంటారు. 2005 డిసెంబరులో పెర్రీ గ్రీన్ నుంచే మూర్ శిల్పం ఒకటి మాయమైంది. రెండు టన్నుల పైచిలుకు కంచు. క్రేను ఉన్న లారీ తెచ్చి ఎత్తుకుపోయారు. తుక్కు ధరకు కరిగించి ఉంటారని పోలీసులు నమ్ముతున్నారు. 2011 డిసెంబరులో లండన్‌లోని డల్విచ్ పార్కు నుంచి హెప్‌వర్త్ కంచు శిల్పాన్ని కోసుకుపోయారు. అది అక్కడ 1970 నుంచి ఉంది. మీ జాతి బోర్డులు ఎన్ని ఉంటే మాత్రం, క్రేనుతో వచ్చేవాడు చదవడానికి ఆగుతాడా? నలభై ఏళ్లపాటు దాని పక్కన నడిచిన ఆ చుట్టుపక్కలవాళ్లకు పొద్దున్నే కనిపించింది ఖాళీ దిమ్మె. ‘స్థలానికీ శూన్యానికీ నడుమ’ అంటే ఏమిటో అప్పుడు అర్థమై ఉంటుంది.

గేటు దగ్గర ఇచ్చే కరపత్రంలో ఒక పేజీ నిండా ‘సమాజ భాగస్వామ్యం’ అని ఉంది. ‘ఇది మీ అందరిదీ’ అని పెద్ద అక్షరాలు. పేజీ తిప్పితే మీరు, మీ అన్నదమ్ములు: ఎక్కరాదు, కూర్చోరాదు, ఆనుకోరాదు, పరిగెత్తరాదు. నాది అని రాసిచ్చి, నేను ఏమేం చేయకూడదో జాబితా ఇవ్వడం ఏ రకం భాగస్వామ్యమో మా ఇంట్లో ఎవరికీ బోధపడలేదు. చూసిపోవడం భాగస్వామ్యమైతే, కిటికీ పక్క సీట్లో కూర్చున్న ప్రతివాడూ దారిలోని పొలాలన్నింటికీ భాగస్వామే.

భాగస్వామ్యం అంటే ఏమిటో తెలిసిన తోటలు లేకపోలేదు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో నది ఒడ్డున చెత్త పోసే స్థలం ఒకటి ఉండేది. 1986లో శిల్పి మార్క్ డి సువెరో, తోటి కళాకారులు, ఆ పేటవాళ్లు కలిసి ఆ చెత్త ఎత్తిపోసి సోక్రటీస్ శిల్పోద్యానం చేశారు. టికెట్టు లేదు. కళాకారులు అక్కడే, జనం కళ్లెదుటే, శిల్పాలు తయారు చేస్తారు. వెల్డింగు నిప్పురవ్వలు చూస్తూ పెరిగిన పిల్లకు కళ అంటే ఏమిటో ఫలకం చదివి తెలుసుకోవలసిన అవసరం ఉండదు. ఆ నేల మీద కట్టడాలవాళ్ల కన్ను పడితే, దాన్ని నిలబెట్టుకుని 1998లో నగరపు శాశ్వత పార్కుగా చేయించుకున్నారు. చేతులు పడ్డ చోటు కాబట్టే చేతులు అడ్డం పెట్టారు. తాకకుండా చూసిపోయినవాళ్లయితే ఆ రోజు వచ్చేవారా? సియాటిల్‌లో 2007లో తెరిచిన శిల్పోద్యానం కూడా పాత చమురు నిల్వల స్థలమే. విషమెక్కిన మట్టిని తవ్వి తీసి, రోడ్డు మీదుగా, రైలు పట్టాల మీదుగా నడకదారి వేసి, జనాన్ని సముద్రం దాకా చేర్చారు. అక్కడా డబ్బు అడగరు.

ఇక మీతో నవ్వకుండా మాట్లాడవలసిన సంగతి ఒకటుంది. అమెరికాలోనే మినియాపొలిస్ శిల్పాల తోటలో 2017లో సామ్ డ్యురాంట్ అనే కళాకారుడి ‘స్కాఫోల్డ్’ నిలబెట్టారు. చెక్కతో, ఉక్కుతో చేసిన పెద్ద కట్టడం, మెట్లెక్కి పైకి పోవచ్చు. అంటే అక్కడ తాకవచ్చు, ఎక్కవచ్చు, మీకు పనే లేదు. అయితే ఆ ఆకారం ఉరికంబాలది. 1862లో మాంకేటోలో డకోటా అనే ఆదివాసీ తెగకు చెందిన 38 మంది పురుషులను ఒకేసారి ఉరితీసిన కంబం కూడా అందులో కలిసి ఉంది. ఆ తోట ఉన్నదే డకోటాల పూర్వీకుల నేల మీద. వాళ్ల వారసులు కంచె అవతలి నుంచి దాన్ని చూసి నిర్ఘాంతపోయారు. అప్పటిదాకా ఎవరూ వాళ్లను ఒక్క మాట అడగలేదు. తోట తెరవడం వాయిదా పడింది. డకోటా పెద్దలతో కూర్చుని మాట్లాడాక కళాకారుడు ఆ కృతి మీద హక్కులను వాళ్లకే వదిలేశాడు. కట్టడాన్ని విప్పదీశారు, ఆ చెక్కను తర్వాత మట్టిలో పూడ్చారు.

అక్కడ ఒక బోర్డు కావలసింది. ‘పెట్టే ముందు అడగండి’ అని. అది చూడవచ్చినవాళ్ల వైపు కాకుండా ఆఫీసు గది వైపు తిరిగి ఉండాలి. నేను మొన్న మీ వెనక వైపుకు కూడా వెళ్లి చూశాను. ఖాళీ రేకు, నాలుగు మేకులు. స్థలం చాలా ఉంది. ఒరిగిన తలుపును ఇక్కడికి తెచ్చిన రోజు, ఆరింటికి నడకకు వచ్చేవాళ్లకు ఎవరైనా చెప్పారా? వాళ్ల పాత రావిచెట్టు నీడను తప్పించి దాన్ని ఎందుకు పాతారో అడిగితే, ‘క్యూరేటర్ నిర్ణయం’ అని జవాబు వచ్చిందట. కొద్దిగా తిరగండి మహాప్రభో, అర్ధవృత్తం చాలు.

ఉత్తరం ముగించే ముందు ఒక మాట. బుధవారం మళ్లీ వచ్చాను. తాకడానికి కాదు, మిమ్మల్ని చూడటానికే. ఎదుటి బెంచీ మీద అరగంట కూర్చున్నాను. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడ ఒకరు మీ భుజం మీద చేయి వేసి ఊపిరి తీసుకున్నారు. ఒక కుర్రవాడు మిమ్మల్ని పట్టుకుని బూటు లేసు కట్టుకున్నాడు. నడిచి నడిచి చెమట పట్టిన ఒకాయన తన తువ్వాలు మీ నెత్తిన ఆరేసి మరో చుట్టు తిరిగి వచ్చాడు. ఇద్దరు పిల్లలు మీ స్తంభం పట్టుకుని గిరగిరా తిరిగారు, ‘తా’ అక్షరం మీద ఒకరి బురద వేలిముద్ర పడింది. కాపలాదారు ఈల మెడలో ఉంచుకుని, మీకే వీపు ఆనించి నిలబడ్డాడు. మీ పై అంచున రంగు పూర్తిగా పోయింది. లోపలి లోహం నున్నగా, వెచ్చగా మెరుస్తోంది. తోట మొత్తంలో అంతమంది చేతులు పడిన వస్తువు ఇంకొకటి లేదు.

ఎండ బాగా ఉన్నా మీరు పెద్దగా వేడెక్కలేదు. ఇది నాకెలా తెలిసిందని అడగకండి.

ఇట్లు,
మీ అంచు పట్టుకుని చెప్పులోని గులకరాయి దులుపుకున్న
ఒక సమాజ భాగస్వామి