గౌరికి జ్వరం చూసిన రోజు

మా ఆవు పేరు గౌరి. దాని పొట్టలో నాలుగు గదులుంటాయని మా ఇంట్లో మొదట చెప్పింది నేనే. మామ్మ నమ్మలేదు. "మనకే రెండు గదుల ఇల్లు, దానికి నాలుగేటే?" అంది.

పశుసంవర్ధక డిప్లొమా రెండేళ్ల కోర్సు. మొదటి ఏడాది సగం గడిచేసరికి సంక్రాంతి సెలవులిచ్చారు. ఆ సగం చదువు కడుపులో ఆగడం లేదు. చీపురుపల్లిలో రైలు దిగి ఆటో ఎక్కానో లేదో, పక్కనున్న పెద్దావిడకి ఆవుకి పైదవడలో ముందు పళ్లు ఉండవని, అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుందని చెప్పేశాను. ఆవిడ మూతి బిగించుకుని అటు తిరిగి కూర్చుంది. ఆవిడకీ లేవని దిగేటప్పుడు చూశాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ, "రాత్రి గౌరి కుడితి సగం వదిలేసిందే" అంది. నాకు కావలసింది అదే. బ్యాగులోంచి కొత్త థర్మామీటరు తీశాను. పాదరసంది, గాజుది.

నేను వెళ్లేసరికే మామ్మ గౌరి చెవి మొదలు పట్టుకు చూసి, మూతి మీద వేలు రాసి, చీరకి తుడుచుకుంటోంది. "సెమ్మగానే ఉంది. జొరం లేదు, గిరం లేదు. కుడితి పులిసిపోనాది, అందుకే ఒగ్గీసింది."

"అలా చెవి పట్టుకు చెప్పేస్తే ఎలా మామ్మా? కొలవాలి."

పశువుకి కళ్లు తలకి చెరో పక్కన ఉంటాయి కాబట్టి చుట్టూ చాలామటుకు కనిపిస్తుంది, సరిగ్గా వెనకాల మాత్రం కనపడదు. అంచేత వెనకనుంచి వెళ్లి ఉలిక్కిపడేలా చేయకూడదు, ముందు పక్కనుంచి పలకరిస్తూ వెళ్లాలి. అలాగే వెళ్లాను. "గౌరీ... గౌరమ్మా... నేనమ్మా..."

"పెయ్యగా ఉన్నప్పట్నుంచి దాంతో తిరిగినావు. ఇప్పుడు పెళ్లిసూపులకి ఎల్లినట్టు ఎల్తావేటే గుంటా?" అంది మామ్మ.

గుర్రం సూటిగా వెనక్కి తంతుంది. ఆవు అలా కాదు, కాలు ముందుకి లేపి పక్కకి ఊడ్చినట్టు తంతుంది. దూరంగా నిలబడితే దెబ్బ పూర్తిగా తగులుతుంది, ఒంటికి ఆనుకుని నిలబడితే తోపుతో సరిపోతుంది. దీనికి నేను రికార్డులో రంగు పెన్సిళ్లతో బొమ్మ కూడా వేశాను. గౌరి తొడకి ఆనుకుని నిలబడ్డాను. అది నన్ను ఒకసారి చూసి, మళ్లీ నెమరులో పడింది.

ఇంకో సంగతి కూడా క్లాసులో చెప్పారు. థర్మామీటరుకి దారం కట్టి, దారం రెండో కొసన క్లిప్పు పెట్టి, దాన్ని తోక వెంట్రుకలకి తగిలించాలి. దారమూ క్లిప్పూ నాకు ఇచ్చారు. అవి హాస్టల్ మేడ మీద నా చున్నీ ఎగిరిపోకుండా కాపాడుతున్నాయి. రెండు నిమిషాల పనికి దారం ఎందుకులే, చేత్తో పట్టుకుంటాను కదా అనుకున్నాను.

కొబ్బరినూనె రాశాను. ఎడమ చేత్తో తోక మొదలు ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో థర్మామీటరు పెట్టాను. లోపలి గోడకి ఆనేలా కాస్త పక్కకి వంచాలి, లేకపోతే పేడ వేడి చూపిస్తుంది. వంచాను. అంతా పుస్తకంలో ఉన్నట్టే జరుగుతోంది. ఇంత చక్కగా జరుగుతున్నదాన్ని స్టేటస్‌లో పెట్టకపోతే ఎలా? ఎడమ చేత్తో తోక వదిలి ఫోన్ తీశాను.

తోక కుచ్చు రాత్రంతా మూత్రంలో నాని ఉంది. అది చెంప మీద కాదు, సరిగ్గా రెండు కళ్ల మీదా, కాస్త తెరిచి ఉన్న నోటి మీదా పడింది. రెండు చేతులూ మొహానికి వెళ్లాయి. కళ్లు తుడుచుకు చూసేసరికి కుడి చెయ్యి ఖాళీ. కింద చూశాను, లేదు. గడ్డి దులిపాను, లేదు. ఫోన్‌లో మాత్రం ఫోటో పడింది. అందులో మా సాల చూరు, తోక కొస ఉన్నాయి.

"ఏటే ఎతుకుతున్నావు?"

"ఏం లేదు మామ్మా."

"ఓలమ్మ! ఎలిపోనాదేటి లోపలికి?"

సీనియర్‌కి ఫోన్ చేశాను. అతను మొదట నవ్వడం పూర్తి చేసుకుని, "కంగారు పడకు. ఆ పేగు పనే బయటికి నెట్టడం. గాజు కదా, నువ్వు చెయ్యి పెట్టి కెలక్కు. పేడ వేసేదాకా కాపలా కాయి. సాయంత్రానికీ రాకపోతే డాక్టరుగారిని పిలు" అన్నాడు.

ఆవు రోజుకి పది పదిహేనుసార్లు పేడ వేస్తుంది. మా గౌరి అయితే అమ్మ సాల ఊడ్చి, చీపురు మూల పెట్టి, నడుం పట్టుకుని నిలబడిన క్షణంలో తప్పకుండా వేస్తుంది. ఆ రోజు అమ్మ రెండుసార్లు ఊడ్చినా వెయ్యలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. గౌరి నాలుగు కాళ్లూ మడుచుకుని పడుకుని, దవడ పక్కకి తిప్పుతూ, కళ్లు సగం మూసి నెమరు వేస్తోంది. నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. నాన్న వచ్చి నాలుగు అరటిపళ్లు పెట్టమన్నాడు. ఇప్పుడు తిన్నది నాలుగు గదులూ దాటి బయటికి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది నాన్నా అన్నాను. "అన్నీ తెలుసు, దారం కట్టడం తప్ప" అని వెళ్లిపోయాడు. మామ్మ చెప్పేసినట్టుంది.

పది గంటలకి అమ్మ టిఫిన్‌కి పిలిచింది. రెండు ఇడ్లీలు మింగి, మొత్తం మీద ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాను. గౌరి లేచి నిలబడి ఉంది. దాని వెనకాల నేల మీద గుండ్రంగా తడి మరక. పేడ లేదు.

"నేనే లేపినాను," అంది మామ్మ. "పడుకున్న గొడ్డు లేస్తే ముందు చేసే పని అదే కదేటి? పొద్దుట్నుంచి అలా ఎదురుగా కూకుంటే వస్తాదా?"

"వేసిన పేడేది మామ్మా?"

"గుంటలు పట్టికెల్లిపోనారు."

భోగికి ఇంకా ఐదు రోజులుంది. వీధిలో పిల్లలందరూ భోగి పిడకల పనిలో ఉన్నారు. ఆవు తోక ఎత్తితే చాలు, కింద బుట్ట పట్టడానికి పోటీలు. పెరట్లోకి పరుగెత్తాను. గోడ వారన, అరటి ఆకుల మీద, రూపాయి బిళ్లకి నాలుగింతలున్న పిడకలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి నొక్కి చూడడం మొదలుపెట్టాను. ఏడో పిడక దగ్గర మా చిన్నాన్న కొడుకు ఏడుపు లంకించుకున్నాడు. "అక్క నా పిడకలన్నీ పాడు సేసెస్తంది!" పదిహేనో పిడకకి పక్కింటివాళ్లు గోడ మీదుగా తలలు పెట్టారు. చదువుకుని వచ్చిన పిల్ల పేడ ముద్దలు పిసుకుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఎవరు మాత్రం చూడరు?

ఇరవై దాటాక తల ఎత్తాను. వాడి చెల్లెలు, ఐదేళ్ల గుంట, ఇవేవీ పట్టించుకోకుండా మూల గొంతుక్కూర్చుని తన పని తాను చేసుకుపోతోంది. దండ గుచ్చడానికి పిడకలకి నడిమధ్య కన్నం పెట్టాలి కదా, ఒక సన్నటి పుల్లతో చకచకా కన్నాలు పెడుతోంది. కన్నాలన్నీ ఒకే కొలత. అంత అందంగా చీపురు పుల్లతో రావు. ఎండ పడి పుల్ల ఒకసారి మెరిసింది.

"అక్కా, సూడు, గాజు పుల్ల! గౌరి ఇచ్చింది."

బతిమాలితే ఇవ్వలేదు. పది రూపాయలకి బేరం కుదిరింది.

కడిగి చూశాను. పగుల్లేదు. ఈ రకం థర్మామీటరులో ఎక్కిన పాదరసం విదిలించేదాకా దిగదు, అన్ని పిడకల్లో దూరి వచ్చినా సరే. నూటొకటి పాయింట్ నాలుగు. ఆవుకి నూటొకటిన్నర అటూ ఇటూ ఉంటే మామూలే.

"జ్వరం లేదు మామ్మా" అన్నాను.

"మరి నేనేటి సెప్పినాను?" అంది మామ్మ, కొత్త కుడితి కలుపుతూ. గౌరి బానలో తల పెట్టి అడుగు దాకా తాగేసింది.

ఆ రాత్రి మంచులో పొలం నుంచి వచ్చిన నాన్నకి ఒళ్లు వెచ్చబడింది. అమ్మ నా వంక చూసింది. నేను లోపలికెళ్లి థర్మామీటరు తెచ్చి, బాగా విదిలించి చేతికిచ్చాను.

నాన్న దీపం దగ్గర పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అదేనా?"

"డెట్టాల్‌తో మూడుసార్లు కడిగాను నాన్నా."

నాన్న దాన్ని మెల్లగా కిటికీలో పెట్టేసి, మామ్మ మంచం దగ్గరికి వెళ్లి తల వంచాడు.

"అమ్మా, ఓసారి నా సెవి సూడవే."